శిక్షణ ఎవరికి? చాకిరీ ఎవరిది?

ఈమధ్య ఒక యూనివర్సిటీలో ‘పరిశోధనా నిర్వాహకుల వృత్తి నైపుణ్యాభివృద్ధి’ పేరుతో అయిదు రోజుల వర్క్‌షాపు జరిగింది. అయిదో రోజు మధ్యాహ్నం, భోజనాల తర్వాత 45 నిమిషాలు ‘జెండర్ అంశాలు’ మాట్లాడమని నన్ను పిలిచారు. మహిళా సంఘాల్లో పనిచేసే మనందరికీ ఈ భోజనాల తర్వాతి 45 నిమిషాలు బాగా పరిచయమే. హాల్లో సగం మంది రైలు టైము చూసుకుంటూ ఉంటారు. మిగతా సగం మంది సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారా అని చూస్తూ ఉంటారు.

కార్యక్రమ పత్రం చేతికిచ్చారు. మొదటి రోజు ప్రాజెక్టు ప్రతిపాదన రాయటం ఎలా? రెండో రోజు బడ్జెట్టు, ఆడిట్, యుటిలైజేషన్ సర్టిఫికెట్లు. మూడో రోజు పేటెంట్లు, పరిశ్రమలతో ఒప్పందాలు. నాలుగో రోజు ర్యాంకింగులు, నాయకత్వ లక్షణాలు. అయిదో రోజు పొద్దున పరిశోధనలో నైతికత, మధ్యాహ్నం మనం. హాల్లో కూర్చున్న ముప్ఫై మందికి పైగా డీన్లలో, డైరెక్టర్లలో, డిప్యూటీ రిజిస్ట్రార్లలో ఆడవాళ్ళు నలుగురు.

బయట రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర మాత్రం అందరూ ఆడవాళ్ళే. సంచులు పంచటం, సంతకాలు తీసుకోవటం, వచ్చిన పెద్దల ప్రయాణపు బిల్లులు సరిచేయటం, ప్రొజెక్టరు పనిచేయకపోతే పరుగెత్తటం అంతా వాళ్ళే. వారిలో ఒకమ్మాయికి ఆరో నెల. ప్రాజెక్టు అసిస్టెంటుగా మూడేళ్ళుగా పనిచేస్తోందట. ఆర్నెల్లకోసారి కాంట్రాక్టు పొడిగిస్తారు. “మేడమ్, మీరు లోపల చెప్పబోయేవి మాకు కూడా వర్తిస్తాయా? వచ్చే నెలాఖరుకి నా ఆర్డరు అయిపోతుంది. పురుడు ఆ తర్వాత. సెలవు మాటెత్తితే ఆర్డరు రెన్యూ చెయ్యరేమోనని ఇంకా ఎవరికీ చెప్పలేదు” అంది.

ఆరో నెల కడుపు చెప్పకపోతే కనబడదా? అందరికీ కనబడుతూనే ఉంది. ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది గనక.

ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు లోపల కూర్చున్న ముప్ఫై మందికీ తెలిసి ఉండాలి. అది వాళ్ళ ఉద్యోగంలో భాగం. కాని ఆ అయిదు రోజుల్లో దానికి అయిదు నిమిషాలు కూడా లేవు. ఇది ఒక్క యూనివర్సిటీ సంగతో, ఒక్క వర్క్‌షాపు సంగతో అయితే ఇంత రాయనక్కర్లేదు. పరిశోధనను ‘నిర్వహించటం’ అంటే ఏమిటో నేర్పే చోటనే స్త్రీల హక్కులు పక్కకు పోతున్నాయి. అందుకే ఈ వ్యాసం.

నిర్వహణ అంటే ఏమిటి, చేస్తున్నదెవరు?

యూనివర్సిటీల్లో పరిశోధన ఇప్పుడు ఒక ప్రొఫెసరు, ఇద్దరు విద్యార్థులు, ఒక లైబ్రరీతో అయిపోయే పని కాదు. బయటి నుంచి గ్రాంటు రావాలి. దానికి ప్రతిపాదన, ఒప్పందం, విడి బ్యాంకు ఖాతా, సిబ్బంది నియామకం, కొనుగోళ్ళు, ఏడాదికోసారి నివేదిక, మార్చి 31 నాటికి లెక్కలు కావాలి. ఇవన్నీ చూసేవాళ్ళనే పరిశోధనా నిర్వాహకులంటున్నారు. అమెరికాలో ఈ ఉద్యోగులకు 1959 నుంచే జాతీయ సంఘం ఉంది. మన దేశంలో దీన్ని ఒక వృత్తిగా గుర్తించాలనే మాట ఇటీవలిదే. హైదరాబాదులో కార్యాలయం ఉన్న డీబీటీ–వెల్కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ 2018లో ‘ఇండియా రిసెర్చ్ మేనేజ్‌మెంట్ ఇనిషియేటివ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ చట్టం వచ్చింది. 2023–28 మధ్య అయిదేళ్ళలో 50 వేల కోట్ల రూపాయలు ఈ ఫౌండేషన్ ద్వారా పరిశోధనకు సమకూరుస్తామని కేంద్రం ప్రకటించింది. డబ్బు వస్తుందంటే దాన్ని నిర్వహించే వాళ్ళకి శిక్షణ కావాలి. అందులో తప్పేమీ లేదు. లెక్కలు రాని యూనివర్సిటీకి రెండో విడత గ్రాంటు ఆగిపోతే మొదట జీతం ఆగేది ఆ బల్ల దగ్గరున్న అమ్మాయిలకే. కాబట్టి శిక్షణ వద్దని మనం అనటం లేదు.

కాని పని నిజంగా చేస్తున్నదెవరు? ఏ యూనివర్సిటీ ప్రాజెక్టు గదిలోకైనా వెళ్ళి చూడండి. డైరెక్టరు పేరు తలుపు మీద ఉంటుంది. లోపల ఫైలు కట్టేది, బిల్లులు అంటించేది, కొటేషన్లు తెప్పించేది, రాత్రి పన్నెండింటికి పోర్టల్‌లో ప్రతిపాదన ఎక్కించేది చాలాచోట్ల ఒక ప్రాజెక్టు అసిస్టెంటో, ఒక పీహెచ్‌డీ విద్యార్థినో, ‘నువ్వు పద్ధతిగా చేస్తావమ్మా’ అన్న ప్రశంసతో బరువంతా నెత్తికెత్తుకున్న ఒక జూనియర్ లెక్చరరో. ఇంటి చాకిరీకి మనం ఏళ్ళ తరబడి ఒక మాట చెబుతూ వచ్చాం: పని జరిగినప్పుడు ఎవరికీ కనబడదు, జరగనప్పుడే కనబడుతుంది. పరిశోధన గదిలో చాకిరీ కూడా సరిగ్గా అలాంటిదే. వ్యాసం అచ్చయితే పేరు ప్రొఫెసరుగారిది. ఆడిట్ అభ్యంతరం వస్తే పిలుపు అసిస్టెంటుకి.

ఉన్నత విద్యలో స్త్రీలు లేరని ఇప్పుడెవరూ అనలేరు. 2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్కల ప్రకారం పీహెచ్‌డీ చేస్తున్న 2.12 లక్షల మందిలో 98 వేల మంది దాకా స్త్రీలే. 2014–15లో ఈ సంఖ్య 48 వేలు. ఏడేళ్ళలో రెట్టింపయింది. పరిశోధన చేసేవాళ్ళలో దాదాపు సగం మంది స్త్రీలైనప్పుడు పరిశోధన నిర్వహణ పాఠ్యక్రమంలో వాళ్ళ వాటా చివరి రోజు 45 నిమిషాలా?

టీచర్ల శిక్షణకు మన దగ్గర చాలా కాలంగా ఏర్పాట్లున్నాయి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. తర్వాత వాటి పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా మారింది. ఇప్పుడవి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు. పేర్లు మారాయి గాని ప్రాజెక్టు సిబ్బందికి వాటిలో చోటు దొరకలేదు. కాంట్రాక్టు మనిషికి శిక్షణ దేనికి, రేపు వెళ్ళిపోతుంది కదా అంటారు. వెళ్ళిపోయేలా ఆర్నెల్ల ఆర్డర్లిచ్చేది ఎవరు?

మనలోనే లోపమా?

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. స్త్రీలను విశ్వవిద్యాలయ నిర్వహణలోకి తేవాలని యూజీసీ ఒక ప్రయత్నం చేసింది. ‘ఉన్నత విద్యలో మహిళా మేనేజర్ల సామర్థ్యాభివృద్ధి’ కార్యక్రమం కింద దేశమంతటా కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ‘సామ్’ వర్క్‌షాపులు జరిగాయి. సున్నితత్వం, అవగాహన, ప్రేరణ అనే మూడు మాటలకు ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరు. యూజీసీ ఛైర్‌పర్సన్‌గా పనిచేసిన ఆర్మైటీ దేశాయి వంటివారు ఆ కార్యక్రమాన్ని నడిపించారు. పరిపాలన, నాయకత్వం, పరిశోధన, ఇంటి పాత్ర–వృత్తి పాత్రల మధ్య నలుగుబాటు అందులో పాఠాలయ్యాయి. ఆ వర్క్‌షాపులకు వెళ్ళివచ్చిన లెక్చరర్లు చాలామంది మొదటిసారి తమ ప్రిన్సిపాలుకి ఎదురు మాట్లాడగలిగామని చెప్పుకున్నారు. అది చిన్న విషయం కాదు.

కాని అటువంటి శిక్షణ ఎక్కడ జారిపోతుందో కూడా మనం చూశాం. స్త్రీలు పై పదవుల్లోకి ఎందుకు రాలేదు? ఆత్మవిశ్వాసం లేదు, సమయ పాలన రాదు, చొరవ తక్కువ! ఈ జవాబు దగ్గర మొదలైన వర్క్‌షాపు ‘మిమ్మల్ని మీరు మార్చుకోండి’ అనే ముగింపుకే చేరుతుంది. సాయంత్రం ఆరింటికి మీటింగు పెట్టే డీన్ మారనక్కర్లేదు. ఆరింటికి బిడ్డను తెచ్చుకోవలసిన ఆమె సమయ పాలన నేర్చుకోవాలి! క్రెష్ లేకపోవటం సంస్థ లోపం కాదు, ఆమె ‘సమన్వయ లోపం’!

నేను వెళ్ళిన వర్క్‌షాపులో నాలుగో రోజు నాయకత్వ పాఠం కూడా అలాగే నడిచిందని అక్కడున్న నలుగురు స్త్రీలలో ఒకావిడ చెప్పింది. ‘ఆడవాళ్ళు నో చెప్పటం నేర్చుకోవాలి’ అన్నాడట వచ్చిన పెద్దమనిషి. ఆమె అడిగింది: “సార్, నో చెప్తే నా ప్రమోషను ఫైలు మీద రాసేది మీరే కదా?” హాలంతా నవ్విందట. నవ్వి తర్వాతి స్లైడుకి వెళ్ళారట.

కార్యక్రమ పత్రంలో లేనివి

మనం చెప్పేది సూటిగా ఉండాలి. స్త్రీల హక్కులు పరిశోధనా నిర్వహణకి అదనపు అంశం కాదు. అవి నిర్వహణలో అసలు పని. మూడు విషయాలు తీసుకుందాం.

మొదటిది, ఆ అమ్మాయి అడిగిన పురుటి సెలవు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 2017లో సవరించబడి మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవు 12 నుంచి 26 వారాలయింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది. ముందరి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. కాంట్రాక్టు మనిషికి లేదని చట్టంలో ఎక్కడా లేదు. ఢిల్లీ మున్సిపాలిటీలో మస్టర్ రోల్ మీద కూలికి పనిచేసిన స్త్రీలకు కూడా ఈ హక్కుందని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కాంట్రాక్టు ముగిసిపోతే సెలవు కూడా ముగుస్తుందా? ముగియదని కవితా యాదవ్ కేసులో 2023 ఆగస్టులో అదే కోర్టు తేల్చింది. ఆమె ఢిల్లీలో మూడేళ్ళ కాంట్రాక్టు మీద పనిచేసిన డాక్టరు. సెలవు మధ్యలో కాంట్రాక్టు గడువు తీరినా ప్రసూతి ప్రయోజనాలు పూర్తి కాలానికి ఇవ్వాలన్నది తీర్పు. అంటే బల్ల దగ్గరి అమ్మాయి ప్రశ్నకు జవాబు ఉంది. అది స్పష్టంగానే ఉంది.

మరి అమలెందుకు కాదు? ఇక్కడే నిర్వహణ వస్తుంది. ప్రాజెక్టుకి గడువుంటుంది. ఆమె ఆరు నెలలు సెలవులో ఉంటే గడియారం ఆగదు. పని వెనకబడితే ప్రొఫెసరుకి చెడ్డపేరు. అందుకని ఆయన రెండోసారి ఆడపిల్లను తీసుకోవటానికి జంకుతాడు, ఉన్న పిల్లకి ఆర్డరు పొడిగించడు. పరిశోధనా కార్యాలయం సకాలంలో నిధులిచ్చే సంస్థకి ఒక ఉత్తరం రాసి, అదనపు ఖర్చు లేకుండా గడువు పొడిగించమని అడిగితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. యంత్రం దిగుమతి ఆలస్యమైతే అటువంటి ఉత్తరాలు అలవాటుగా రాస్తూనే ఉన్నారు! యంత్రం ఆలస్యానికి ఫారం ఉంది, పురుటికి లేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఫెలోషిప్ ఉత్తర్వుల్లో ప్రసూతి సెలవు రాసే ఉంది. పీహెచ్‌డీ విద్యార్థినులకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, గడువులో రెండేళ్ళ అదనపు వెసులుబాటు యూజీసీ 2016 నిబంధనల్లో వచ్చాయి, 2022 నిబంధనల్లో కొనసాగాయి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ నింపటం ఒక పూట నేర్పగలిగినవాళ్ళు ఈ ఒక్క ఉత్తరం రాయటం నేర్పలేరా?

రెండోది, లైంగిక వేధింపులు. 2013 చట్టం దృష్టిలో ఉద్యోగి అంటే పర్మనెంటు మనిషి మాత్రమే కాదు. తాత్కాలికంగా, కాంట్రాక్టరు ద్వారా, శిక్షణలో ఉన్నవాళ్ళు కూడా ఉద్యోగులే. పని స్థలం అంటే ఆఫీసు గది మాత్రమే కాదు. పని మీద వెళ్ళిన ఊరు, ఎక్కిన జీపు కూడా పని స్థలమే. అంటే సర్వే కోసం పల్లెలకు వెళ్ళే ఫీల్డ్ ఇన్వెస్టిగేటరు అమ్మాయికి ఆ జీపులో, ఆ లాడ్జిలో రక్షణ కల్పించవలసిన బాధ్యత యూనివర్సిటీది. బడ్జెట్టు వేసేటప్పుడు ఆడవాళ్ళు జంటగా వెళ్ళటానికి, భద్రమైన బసకి డబ్బు రాయకపోతే తర్వాత ఏ పద్దు కిందా దొరకదు. ప్రతిపాదన రాసిన రోజునే ఆమె భద్రత తేలిపోతుంది. ప్రతిపాదన రాయటం మీద రోజంతా పాఠం చెప్పినవారు ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?

ఫిర్యాదు చేయటానికి చట్టమిచ్చిన గడువు మూడు నెలలు. కారణం చూపితే మరో మూడు నెలలు పెంచవచ్చు. ఆర్నెల్ల ఆర్డరు మీద బతికే మనిషికి ఆ గడువులోనే ఆర్డరు పొడిగింపు కూడా వస్తుంది. ఆ పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేవాడే వేధించేవాడైతే ఆమె ఏం చేస్తుంది? 2013 నియమాల్లో దీనికి దారుంది. విచారణ జరుగుతుండగా ఫిర్యాదు చేసినామె పనితీరు మీద నివేదిక రాసే అధికారం అతని నుంచి తీసి మరొకరికి ఇవ్వవచ్చు. విద్యాసంస్థలో ఆమె చదువును పర్యవేక్షించకుండా అతన్ని ఆపవచ్చు. ఫిర్యాదుల కమిటీ సిఫార్సు చేశాక దాన్ని నడపవలసింది యాజమాన్యం. గైడును మార్చటం, ప్రాజెక్టు బాధ్యత మరొకరికి అప్పగించటం, ఆ మేరకు నిధుల సంస్థకు తెలియజేయటం పరిశోధనా కార్యాలయం పని. అది ఎలా చేయాలో ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియకపోతే కమిటీ సిఫార్సు కాగితమై మిగులుతుంది. 1997 విశాఖ తీర్పు దగ్గర నుంచి మనం పోరాడి తెచ్చుకున్న హక్కు ఒక ఆఫీసు అజ్ఞానం దగ్గర ఆగిపోతుంది. 2023 మేలో ఒక యూనివర్సిటీకి సంబంధించిన కేసులోనే సుప్రీంకోర్టు, కమిటీలు సరిగా ఏర్పడ్డాయో లేదో చూడమని ప్రభుత్వాలను ఆదేశించవలసి వచ్చింది. చట్టం వచ్చిన పదేళ్ళకు!

మూడోది, మనం ఎవరి మీద పరిశోధన చేస్తున్నామో వారి హక్కు. ఇందుకు మన తెలుగు నేల మీద జరిగినదే గుర్తు చేయాలి. అది యూనివర్సిటీ ప్రాజెక్టు కాదు గాని ప్రతి పరిశోధనా నిర్వాహకుడికీ పాఠం కావలసినది. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణకని హెచ్‌పీవీ టీకా వేశాయి. సుమారు 14 వేల మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ హాస్టళ్ళలో ఉన్న ఆదివాసీ బాలికలు. మహిళా, ఆరోగ్య సంఘాలు వెళ్ళి చూసి గొంతెత్తాక 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ కాలంలో జరిగిన మరణాలకు టీకాయే కారణమని విచారణ కమిటీ తేల్చలేదు. కాని అంగీకార పత్రాల సంగతి చూడండి. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. తల్లిదండ్రులు ఏజెన్సీ గూడేల్లో, పిల్లలు హాస్టల్లో, సంతకం వార్డెనుది! 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ పత్రాలన్నీ ఫైళ్ళలో ఉన్నాయి. సంతకాలున్నాయి. ‘నిర్వహణ’ లెక్కన చూస్తే అన్నీ సక్రమమే! ఎవరి సంతకం ఎవరు పెట్టారని అడగటం నేర్పని శిక్షణ ఇలాంటి ఫైళ్ళనే తయారుచేస్తుంది. నేను వెళ్ళిన చోట నైతికత పాఠమంతా కాపీ కొట్టటం, సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పట్టుకోవటం చుట్టూ తిరిగిందట. ఇంకొకరి వాక్యం దొంగిలించటం నేరమే. ఇంకొకరి అంగీకారం దొంగిలించటం?

“ఆమె మా ఉద్యోగి కాదు”

ఆ రోజు నా 45 నిమిషాల్లో ఇవి చెప్పాను. ఆ అమ్మాయినీ, ఆమె తోటివారినీ లోపలికి పిలిచి వెనక కుర్చీల్లో కూర్చోమన్నాను. ఎవరి పేరూ ఎత్తకుండా పురుటి సెలవు ప్రశ్న అడిగాను. లెక్కల అధికారి ఒకాయన లేచి, “మేడమ్, ప్రాజెక్టు సిబ్బంది మా ఉద్యోగులు కారు. ప్రాజెక్టు ఉద్యోగులు” అన్నాడు. నియామకపు ఆర్డరు మీద సంతకం ఎవరిదని అడిగాను. రిజిస్ట్రారుదట. గుర్తింపు కార్డు మీద పేరు ఎవరిది? యూనివర్సిటీది. ఓవర్‌హెడ్ పేరుతో ప్రతి గ్రాంటులో కొంత భాగం తీసుకునేది ఎవరు? యూనివర్సిటీయే. డబ్బు దగ్గర ప్రాజెక్టు మనదవుతుంది, మనిషి దగ్గర ప్రాజెక్టు పరాయిదవుతుంది!

ఇంకొకాయన కొంచెం మెత్తగా చెప్పాడు: “ఇవన్నీ ముఖ్యమే గాని ఇది నైపుణ్యాల వర్క్‌షాపు. హక్కుల సంగతి ఫిర్యాదుల కమిటీ చూసుకుంటుంది, సంఘాలు చూసుకుంటాయి.” ఈ మాటని మనం గట్టిగా ఎదుర్కోవాలి. ఫిర్యాదుల కమిటీ జరిగిన తర్వాత చూస్తుంది. సంఘాలు రోడ్డెక్కిన తర్వాత చూస్తాయి. జరగకుండా చూసే చోటు ఒక్కటే. బడ్జెట్టు రాసే బల్ల, ఆర్డరు టైపు చేసే బల్ల, అంగీకార పత్రం తయారుచేసే బల్ల. ఆ బల్లల దగ్గర కూర్చున్నవారికి హక్కులు తెలియటం నైపుణ్యమే. మిగతా నైపుణ్యాలన్నిటికన్నా ముందు రావలసిన నైపుణ్యం.

మనం కూడా జవాబు చెప్పుకోవాలి

ఇక మన వైపు చూసుకుందాం. ఇటువంటి వర్క్‌షాపులకు మనల్ని పిలుస్తారు. శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు. నివేదికలో ‘జెండర్ సెషన్ నిర్వహించబడింది’ అని ఒక వాక్యం చేరుతుంది. ఆ వాక్యం కోసమే మనల్ని పిలిచారని తెలిసి కూడా వెళుతున్నాం. అంతేకాదు, మన స్వచ్ఛంద సంస్థల్లో చాలా యూనివర్సిటీ ప్రాజెక్టులకు ‘క్షేత్ర భాగస్వాములు’గా పనిచేస్తున్నాయి. ఊళ్ళో తలుపు తట్టేది మన కార్యకర్తే. ఆమె మొహం చూసే ఆడవాళ్ళు నోరు విప్పుతారు. ఆ కార్యకర్తకు మనం ఎన్నాళ్ళ ఆర్డరు ఇస్తున్నాం? ఆమెకు పురుటి సెలవు మనం ఇస్తున్నామా? వేలెత్తి చూపే ముందు మన రిజిస్టరు కూడా తెరిచి చూసుకోవాలి.

పరిశోధన ఇంకోలా చేయవచ్చని మన ఉద్యమం ఎప్పుడో చూపించింది. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు ఆ పుస్తకం తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులతోనే నిండింది. చెప్పినవారు అందులో ‘శాంపిల్’ కారు, మనుషులు.

అందుకని ఇకమీద ఎవరు పిలిచినా కొన్ని షరతులు పెడదాం.

ఒకటి, చివరి రోజు 45 నిమిషాలకు వెళ్ళం. బడ్జెట్టు పాఠంలో, ప్రతిపాదన పాఠంలో, నియామకాల పాఠంలో, నైతికత పాఠంలో స్త్రీల హక్కులు భాగం కావాలి. అక్కడ కూర్చోబెడితే వస్తాం.

రెండు, ప్రాజెక్టు అసిస్టెంట్లు, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు, క్లర్కులు హాల్లో ఉండాలి. సంచులు పంచటానికి కాదు, శిక్షణ పొందటానికి. ఆ రోజుల జీతం, ప్రయాణ ఖర్చు డీన్‌కి ఇచ్చినట్టే వాళ్ళకీ ఇవ్వాలి.

మూడు, ప్రసూతి సెలవు మీద గడువు పొడిగింపు కోరే ఉత్తరం నమూనా, ఆర్డరు మధ్యలో ముగిసినా సెలవు కొనసాగుతుందని రాసిన నియామక పత్రం నమూనా ప్రతి వర్క్‌షాపు ఫైల్లో ఉండాలి.

నాలుగు, ఓవర్‌హెడ్ డబ్బులో కొంత భాగం క్రెష్‌కి, ఫీల్డులో స్త్రీల భద్రతకి కేటాయించాలి. ఎంత కేటాయించారో ఏటా ప్రకటించాలి.

అయిదు, ఎథిక్స్ కమిటీల్లో మనకు చోటు చట్టమే ఇచ్చింది. క్లినికల్ ట్రయల్స్ విషయంలో 2019 నియమాల ప్రకారం కమిటీలో కనీసం ఒక స్త్రీ, ఒక సామాన్య వ్యక్తి ఉండాలి. సగం మంది బయటివారై ఉండాలి. ఫిర్యాదుల కమిటీలోనూ మహిళా సమస్యల మీద పనిచేసే బయటి సభ్యురాలు ఉండాలి. ఆ కుర్చీల్లో సంతకానికి మాత్రమే కూర్చోవద్దు. కాగితాలు ముందుగా తెప్పించుకుందాం, చదువుదాం, అసమ్మతి ఉంటే రాతలో పెడదాం.

వర్క్‌షాపు అయిపోయాక ఆ అమ్మాయి బస్టాపు దాకా వచ్చింది. కవితా యాదవ్ తీర్పు కాపీ ఇచ్చాను. “అక్కా, ఇది ఎవరికిమ్మంటారు?” అని అడిగింది. రిజిస్ట్రారుకి దరఖాస్తుతో జతచేసి ఇవ్వమ్మా, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో, ఒక్కదానివే వెళ్ళకు అన్నాను. ఆమెతో పాటు బల్ల దగ్గరున్న మిగతా ముగ్గురూ వెళ్ళారు. నలుగురూ కలిసి వెళ్ళటం ఆ ఆఫీసులో అదే మొదటిసారట. దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది. పురుడు మాత్రం పరిశీలన కోసం ఆగదు.